ముక్కు దూలము వంకర : శస్త్రచికిత్స ఎవరికి అవసరము?

ఉద్యోగ విరమణ చేసి చాలా సంవత్సరములు గడచినా బంధువులు, పాత రోగులు, వారి పిల్లలు ఆరోగ్య విషయములలో నన్ను సంప్రదిస్తూనే ఉంటారు. వారు తఱచు అడిగే ప్రశ్నలలో ఇది ఒకటి: "డాక్టరు గారూ, తలనొప్పికని సి.టి. స్కాన్ తీయించాము. ముక్కు దూలము వంకరగా ఉన్నదని వ్రాశారు. ఆపరేషను చేయించుకోవలసినదేనా?"

నేను వారిని తిరిగి ఒక ప్రశ్న అడుగుతాను. "రాత్రి నోరు మూసుకొని పడుకొంటే ముక్కుతో హాయిగా ఊపిరి ఆడుతున్నదా?" చాలామంది ఈ ప్రశ్నకు ఆశ్చర్యపడతారు. నివేదికలోని వంకర గుఱించి రోజుల తరబడి కలతపడి ఉంటారు కాని, ఊపిరి గుఱించి ఆలోచించి ఉండరు. శస్త్రచికిత్స అవసరమో కాదో నిర్ణయించవలసినది ఊపిరిలోని ఇబ్బందిని బట్టి. స్కానులోని వంకర దానికి ఒక కారణము కావచ్చు, కాకపోవచ్చు. ఈ వ్యాసములో నేను చెప్పదలచుకొన్న ముఖ్య విషయము ఇదే.

నేను జనరల్ మెడిసిన్ వైద్యుడను. చెవి ముక్కు గొంతు శస్త్రవైద్యుడను కాను. అయితే ఈ శస్త్రచికిత్స చేయించుకొన్న రోగిని. మా కుటుంబములో నాకు, మా పెద్దన్నగారికి, మా మేనల్లునికి ముక్కు దూలము వంకర ఉన్నది. ముగ్గురికీ మూడు వేర్వేరు సలహాలు సరిపోయాయి. ముందుగా ముక్కు నిర్మాణము గుఱించి కొంత చెప్పి, తరువాత ఆ విషయములకు వస్తాను.

ముక్కు లోపలి గోడ

మన ప్రజలు ముక్కు దూలము అని పిలిచేది రెండు నాసికా రంధ్రముల నడుమ నిలువుగా నిలిచిన గోడను. దాని ముందు భాగము మృదులాస్థితో, వెనుక భాగము పలుచని ఎముకలతో ఏర్పడుతుంది. ఈ గోడకు ఇరువైపులా ఒక సున్నితమైన పొర, దానిపై తడిగా ఉండే శ్లేష్మపు పొర అంటుకొని ఉంటాయి. మృదులాస్థిలో రక్తనాళములు లేవు. దానికి కావలసిన పోషణ అంతా తనను అంటుకొని ఉన్న ఆ పొర నుంచే అందుతుంది. ఈ ఒక్క విషయమును గుర్తు పెట్టుకొంటే తరువాత నేను చెప్పబోయే ఒక ప్రమాదము సులభముగా అర్థమవుతుంది.

నూటికి నూరుపాళ్ళు తిన్నగా ఉన్న నాసికా కుడ్యము అరుదు. పుట్టుకలోనే కొందరికి ఒక వైపునకు ఒరిగి ఉంటుంది. బాల్యములో తగిలిన దెబ్బల వలన, ఎదిగే వయస్సులో ఎముక, మృదులాస్థి ఒకే తీరుగా పెరగకపోవుట వలన మరికొందరికి వంకర ఏర్పడుతుంది. ఎక్కువమందికి దాని వలన ఏ ఇబ్బందీ ఉండదు.

గోడకు ఎదురుగా, ముక్కు ప్రక్క గోడల నుంచి శుక్తికలు అనే మెత్తని మడతలు లోపలికి పొడుచుకొని ఉంటాయి. వైద్యులు వీటిని టర్బినేట్లు అంటారు. పీల్చిన గాలిని వెచ్చబరచి, తడిపి, దుమ్మును పట్టి ఉంచుట వీటి పని. వీటిలోని రక్తనాళములు కొన్ని గంటల కొకసారి ఒక వైపు ఉబ్బి, రెండవ వైపు తగ్గుతాయి. అందుచే ఆరోగ్యవంతులలో కూడా కొంతసేపు కుడి ముక్కు, కొంతసేపు ఎడమ ముక్కు ఎక్కువగా ఆడుతుంది. స్వరశాస్త్రము పాటించే మన పెద్దలు ఏ ముక్కు ఆడుతున్నదో చూసుకొని ప్రయాణము మొదలుపెట్టేవారు. ఆధునిక వైద్యములో ఈ నాసికా చక్రమును 1895 లో కైజర్ అనే జర్మను వైద్యుడు వర్ణించాడు. కాబట్టి ముక్కు దిబ్బడ ఒకసారి ఇటు, ఒకసారి అటు మారుతూ ఉంటే దానికి కారణము గోడ వంకర కాకపోవచ్చు. ఎలర్జీ, జలుబు, శుక్తికల వాపు ఎక్కువ సందర్భములలో దానికి కారణములు. గోడ కదలదు గనుక గోడ వలన కలిగే దిబ్బడ సాధారణముగా ఎల్లప్పుడూ ఒకే వైపు ఉంటుంది.

అయితే ఇందులో ఒక చిక్కు ఉన్నది. గోడ ఎడమకు ఒరిగితే కుడి వైపు చోటు ఎక్కువవుతుంది. ఆ ఖాళీని పూరించుటకు అన్నట్లు కుడి వైపు శుక్తిక క్రమముగా పెద్దదవుతుంది. అప్పుడు వంకర లేని వైపు కూడా ముక్కు మూసుకొనిపోయినట్లు అనిపిస్తుంది. అందువలననే రోగి చెప్పే మాటలను వినుటతో పాటు ఎండోస్కోపుతో రెండు వైపులా పరీక్షించుట అవసరము.

మా కుటుంబములో మూడు ముక్కులు

మా పెద్దన్నగారి ముక్కు బయటకే వంకరగా కనిపిస్తుంది. ఆయన ఎనభయ్యవ పడిలో ఉన్నారు. వేకువనే లేచి నాలుగు మైళ్ళు నడచి వస్తారు, గుఱక పెట్టరు, జలుబు ఎప్పుడో గాని చేయదు. ఒకసారి మరేదో కారణముతో తీసిన స్కానులో ఆయన నాసికా కుడ్యము బాగా ఒరిగి ఉన్నదని తేలింది. ఆయన నన్ను అడిగారు. "అన్నయ్యా, మీకు ఊపిరికి ఏ లోటూ లేదు. దానిని అలాగే ఉండనివ్వండి" అని చెప్పాను. అలాగే ఉన్నది.

నా ముక్కు సంగతి వేరు. పదేళ్ళ వయస్సులో చెడుగుడు ఆటలో ఒకరి మోకాలు తగిలి ముక్కు చితికింది. అప్పటి నుంచి ఎడమ ముక్కు ఆడేది కాదు. నలభయ్యవ యేడు సమీపించేసరికి రాత్రులు నోరు తెరచుకొని నిద్రించుట, తెల్లవారేసరికి గొంతు ఎండి అట్ట కట్టుట, మెట్లు ఎక్కుతూ మాట్లాడలేకపోవుట నిత్యకృత్యములయ్యాయి. మూడు నెలలు ముక్కులో స్టీరాయిడ్ తుంపరమందు వాడాను. తుమ్ములు తగ్గాయి గాని ఎడమ వైపు ఏ మార్పూ రాలేదు. నాతో కలిసి పనిచేసే చెవి ముక్కు గొంతు వైద్యుడు చెంపను వ్రేలితో కొంచెము ప్రక్కకు లాగి పీల్చమన్నాడు. ఎడమ ముక్కు తెరచుకొని చల్లని గాలి లోపలికి వచ్చింది. నాసికాకవాటము అనే అతి సన్నని చోట గోడ అడ్డు వచ్చినపుడు ఈ పరీక్ష తఱచు ఇలా ఉంటుంది. అక్కడ కొద్దిపాటి వంకర ఉన్నా గాలికి కలిగే నిరోధము చాలా ఎక్కువ. అదే వంకర వెనుక భాగములో ఉంటే మనకు తెలియకపోవచ్చు కూడా.

1991 లో నేను పనిచేసే జిల్లా ఆసుపత్రిలోనే నాకు శస్త్రచికిత్స జరిగింది. ఆ రోజులలో దీనిని ఎక్కువగా ముక్కు మొద్దుబారేటట్లు మందు ఇచ్చి, రోగి మెలకువగా ఉండగానే చేసేవారు. నొప్పి తెలియలేదు. కాని గోడ అడుగున ముల్లులా పొడుచుకొని వచ్చిన ఎముకను చిన్న ఉలితో తీస్తున్నప్పుడు ఆ చప్పుడు నా తలలోనే మ్రోగినట్లయినది. అంతకన్న బాధ కలిగించినవి తరువాతి రెండు రోజులు. రెండు ముక్కులలోను గుడ్డ పట్టీ కూరి ఉంచినందున నోటితోనే ఊపిరి తీయవలసి వచ్చింది. అన్నము ముద్ద మ్రింగుతూ ఊపిరి పీల్చలేక మజ్జిగతో గడిపాను. రెండవ రోజు సాయంత్రము ఆ పట్టీ లాగిన నిమిషము నేను మరచిపోలేదు. ఇప్పుడు చాలామంది శస్త్రవైద్యులు పొరలను కరిగిపోయే దారముతో కుట్టి పట్టీ పెట్టకుండానో, ఒక్క రోజే పెట్టో సరిపెడుతున్నారు. మత్తుమందు ఇచ్చి పూర్తి నిద్రలో చేయుట కూడా నేడు మామూలయింది.

ఆరు వారములకు వాపు తగ్గింది. ఎడమ ముక్కుతో గాలి పీల్చగలిగాను. ఉదయము గొంతు ఎండుట తగ్గింది. నా భార్య గుఱక బాగా తగ్గిందని చెప్పింది. అయితే మామిడి పూత కాలములో వచ్చే తుమ్ములు మాత్రము నన్ను విడువలేదు. అవి ఎలర్జీ వలన వచ్చేవి. గోడను సరిచేసినంత మాత్రాన ఎలర్జీ పోదు. ఈ నాటికీ ఆ నెలలలో తుంపరమందు వాడుతూనే ఉన్నాను. శస్త్రచికిత్సకు ముందే నా సహోద్యోగి ఈ మాట స్పష్టముగా చెప్పి ఉన్నందున నాకు ఆశాభంగము కలుగలేదు.

ఇక మా మేనల్లుడు. ఇరవై ఆరేళ్ళ వయస్సులో తఱచు తలనొప్పితో బాధపడేవాడు. ముక్కు దూలము సరిచేయిస్తే నొప్పి పోతుందని ఎవరో చెప్పగా అంతా నిశ్చయించుకొని, సెలవు కూడా పెట్టుకొని నాకు ఫోను చేశాడు. "మామయ్యా, వచ్చే వారము ఆపరేషను. మీతో ఒక మాట చెప్పమంది అమ్మ."

"నాయనా, ఆ తలనొప్పి ఎప్పుడు వస్తుంది, ఎంతసేపు ఉంటుంది, ముందు అది చెప్పు" అన్నాను. నెలకు మూడు నాలుగు సార్లు, తలకు ఒక ప్రక్కనే, పోట్లు పొడిచినట్లు వస్తుందట. వెలుతురు చూడలేడట, వాంతి అయిన తరువాత చీకటి గదిలో పడుకొంటే తగ్గుతుందట. ముక్కు ఎప్పుడూ దిబ్బడ వేయదు. అది పార్శ్వపు నొప్పి. మా చెల్లెలికీ అదే ఉండేది. శస్త్రచికిత్స వాయిదా వేయించి నరముల వైద్యుని వద్దకు పంపాను. వేళకు నిద్ర, వేళకు భోజనము, నివారణ మందులతో నొప్పులు బాగా తగ్గాయి. ముక్కు దూలము వలన తలనొప్పి కలుగుట అసంభవము కాదు. గోడ నుంచి పొడుచుకొని వచ్చిన ముల్లు శుక్తికకు ఒత్తుకొంటే అరుదుగా నొప్పి కలుగవచ్చు. కాని తలనొప్పికి మిగిలిన కారణములన్నీ చూసిన తరువాతనే ఆ మాట తలపెట్టాలి.

శస్త్రచికిత్స మారిన తీరు

నేను వైద్యవిద్యార్థిగా ఉన్న 1970ల తొలినాళ్ళలో ఈ శస్త్రచికిత్స అంటే వంకర ఉన్న మృదులాస్థిని, ఎముకను చాలా మేరకు తీసివేయుటే. 1902 లో అమెరికాలో ఫ్రీర్, 1904 లో జర్మనీలో కిలియన్ ఆ పద్ధతిని ప్రచారములోనికి తెచ్చారు. ముక్కు కూలిపోకుండా ముందు, పైన ఒక సెంటీమీటరు వెడల్పున ఆధారము మిగిల్చేవారు. ఊపిరి బాగానే ఆడేది గాని, కొందరిలో సంవత్సరములు గడచేకొద్దీ ముక్కు పైభాగము కుంగుట, గోడకు రంధ్రము పడుట జరిగేవి. ఇరువదవ శతాబ్దపు మధ్య భాగములో కాటిల్ మొదలగు వైద్యులు మృదులాస్థిని వీలైనంత కాపాడి, వంగిన చోట సడలించి, తిన్నగా అమర్చే పద్ధతిని వృద్ధి చేశారు. నేడు సెప్టోప్లాస్టీ అని పిలిచేది ఈ పద్ధతినే. ముక్కు లోపల చిన్న కోత పెట్టి పొరను జాగ్రత్తగా విడదీసి, వంకరను సవరించి, పొరను తిరిగి కప్పుతారు. ముఖముపై మచ్చ ఉండదు. సాధారణముగా ముక్కు ఆకారము మారదు. ఆకారమును మార్చే శస్త్రచికిత్స వేరొకటి.

దీని వలన నిజముగా మేలు కలుగుతుందా అన్న ప్రశ్నకు చాలాకాలము గట్టి సమాధానము లేదు. ఇటీవల రెండు మంచి పరిశోధనలు వెలువడ్డాయి. నెదర్లాండ్స్‌లో 203 మంది పెద్దలపై జరిగిన పరిశోధన 2019 లో, బ్రిటనులో 378 మందిపై జరిగినది 2023 లో ప్రచురితమయ్యాయి. రెండింటిలోను కొందరికి శస్త్రచికిత్స, మరికొందరికి శస్త్రచికిత్స లేని వైద్యము చేసి పోల్చారు. బ్రిటను పరిశోధనలో బాధను 0 నుంచి 110 వరకు గల కొలమానముతో కొలిచారు. అంకె పెరిగితే బాధ ఎక్కువ. ఆరు నెలల తరువాత శస్త్రచికిత్స జరిగినవారి సగటు 19.9 ఉండగా, తుంపరమందులు వాడినవారి సగటు 39.5 ఉన్నది. ఈ తేడా చిన్నది కాదు. అయితే ఆ పరిశోధనలలో చేరినవారంతా ముక్కు దిబ్బడతో బాధపడుతున్నవారు అని మరువరాదు. స్కానులో వంకర కనబడి ఏ బాధా లేనివారికి ఈ ఫలితములు వర్తించవు.

చేయించుకొనే ముందు

ఎలర్జీ లక్షణములు ఉన్నవారు ముందుగా కొన్ని వారములు తుంపరమందు క్రమము తప్పకుండా వాడి చూడాలి. దానితో ఊపిరి బాగుపడితే శస్త్రచికిత్స అవసరము ఉండకపోవచ్చు. ముక్కు దిబ్బడ వెంటనే విడిపోయేటట్లు చేసే ఆక్సీమెటజొలిన్, జైలోమెటజొలిన్ చుక్కల సంగతి వేరు. వాటిని నాలుగైదు రోజులకు మించి వాడితే మందు ప్రభావము తగ్గగానే లోపలి పొరలు మరింత ఉబ్బుతాయి. కుట్టుపని చేసుకొనే ఒకామె పదకొండు సంవత్సరములు ఆ చుక్కల సీసా కొంగున కట్టుకొని తిరిగింది. చుక్కలు మాన్పించి స్టీరాయిడ్ తుంపర ఇచ్చిన రెండు నెలలకు ఆమె ముక్కు తెరచుకొన్నది. గోడ వంకర ఉన్నా ఆమెకు కత్తి అవసరము పడలేదు.

ఒకే వైపు దిబ్బడతో పాటు నెత్తురు పడుతున్న పెద్దవారిలోను, ఒకే వైపు నుంచి దుర్వాసన గల చీము కారే చిన్నపిల్లలలోను వెంటనే పరీక్ష అవసరము. పెద్దలలో కంతులు, పిల్లలలో ముక్కులో దూర్చుకొన్న గింజలు, పూసలు కారణము కావచ్చు. వాటిని దూలము వంకర అనుకొని ఊరకుండరాదు.

నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు ఉన్నవారికి ముక్కు సరిచేసినంత మాత్రాన ఆ జబ్బు సాధారణముగా నయము కాదు. అయితే గాలి ఒత్తిడి యంత్రమును తగిలించుకొనుట వారికి సులభమవుతుంది.

పిల్లలలో ముక్కు ఎదుగుతూ ఉంటుంది గనుక తీవ్రమైన ఇబ్బంది ఉంటే తప్ప పదిహేడు, పదునెనిమిదేళ్ళు నిండే వరకు ఆగుతారు. రక్తము పలుచబరచే మందులు, ఆస్పిరిన్ వాడేవారు ఆ విషయము శస్త్రవైద్యునికి తప్పక చెప్పాలి. గుండెజబ్బు ఉన్నవారు వాటిని తమంతట తాము మానరాదు. రక్తపుపోటు, మధుమేహము అదుపులో ఉండాలి.

తరువాతి జాగ్రత్తలు, అపాయములు

మొదటి వారము తల ఎత్తుగా పెట్టుకొని పడుకోవాలి. రెండు వారములు ముక్కు గట్టిగా చీదరాదు. తుమ్ము వస్తే నోరు తెరచి తుమ్మాలి. బరువులు ఎత్తరాదు. వైద్యుడు చెప్పిన విధముగా ఉప్పునీటితో ముక్కు కడగాలి. ఆ నీరు కాచి చల్లార్చినదై ఉండాలి. కుళాయి నీరు, బావి నీరు ముక్కులోనికి పోయరాదు. వాటిలో ఉండే ఒక రకము అమీబా ముక్కు ద్వారా మెదడుకు చేరి ప్రాణాపాయము కలిగించవచ్చు.

నెత్తురు కారుట, సూక్ష్మజీవుల దాడి, లోపల పొరలు అతుక్కొనుట, గోడకు రంధ్రము, పైపళ్ళ చిగుళ్ళు కొంతకాలము మొద్దుబారుట, అరుదుగా వాసన తెలియకపోవుట ఈ శస్త్రచికిత్సలో కలుగగల అపాయములు. వంకర కొంత తిరిగి వచ్చి కొద్దిమందికి మరల శస్త్రచికిత్స చేయవలసి రావచ్చు. శుక్తికలను కూడా తగ్గిస్తామని చెబితే ఎంత మేరకు తీస్తారో అడగండి. వాటిని మితిమీరి తీసివేస్తే ముక్కు విశాలముగా ఉన్నా ఊపిరి ఆడనట్లు, ఎండిపోయినట్లు బాధ కలుగుతుంది. దానిని బాగుచేయుట కష్టము.

ముక్కుకు దెబ్బ తగిలిన పిల్లలు

ముందు మృదులాస్థికి పోషణ పొర నుంచి అందుతుందని చెప్పాను. ముక్కుకు దెబ్బ తగిలినపుడు ఆ పొరకు, మృదులాస్థికి నడుమ నెత్తురు చేరితే పోషణ ఆగిపోతుంది. కొద్ది రోజులలోనే మృదులాస్థి నశించి, చీము పట్టి, ముక్కు జీను వలె కుంగిపోవచ్చు. నేను పనిచేసిన చోట్ల ఇటువంటి పిల్లలను ఇద్దరిని చూశాను. సైకిలు మీద నుంచి పడిన ఒక బాలునికి రెండు ముక్కులూ మూసుకొనిపోగా తల్లి అదే రాత్రి తీసుకొని వచ్చింది. లోపల గోడకు ఇరువైపులా మెత్తని ఉబ్బు ఉన్నది. వెంటనే నెత్తురు తీసివేయగా ముక్కు నిలిచింది. రెండవ పిల్లవానిని పసుపు పట్టీలు వేసి ఎనిమిదవ రోజున జ్వరముతో తెచ్చారు. ప్రాణము దక్కింది గాని ముక్కు కుంగిపోయింది. ముక్కుకు దెబ్బ తగిలిన బిడ్డకు రెండు వైపులా ఊపిరి ఆడక, నొప్పి పెరుగుతుంటే తెల్లవారే వరకు ఆగకండి.

వైద్యుని అడగవలసిన ప్రశ్నలు

శస్త్రచికిత్స సలహా పొందినవారు వైద్యుని మూడు ప్రశ్నలు అడగవచ్చు. నాకున్న ఇబ్బందులలో ఏవి ఈ గోడ వలన కలుగుతున్నాయి? శస్త్రచికిత్స తరువాత వాటిలో ఏవి తగ్గుతాయి, ఏవి మిగులుతాయి? మందులతో తగినంత కాలము ప్రయత్నించామా? ఈ ప్రశ్నలు అడిగితే మంచి వైద్యులు నొచ్చుకోరు. ముక్కు దూలము వంకర అత్యవసర వ్యాధి కాదు కాబట్టి ఆలోచించుకొనుటకు, మరొక వైద్యుని అభిప్రాయము తీసుకొనుటకు మీకు కావలసినంత వ్యవధి ఉంటుంది. పగలు రాత్రి ముక్కు ఆడక బాధపడుతున్నవారు మాత్రము భయముతో సంవత్సరములు గడపవలసిన పని లేదు. తగిన పరీక్షలు జరిగి, కారణము గోడయే అని తేలితే శస్త్రచికిత్స మంచి మేలు చేస్తుంది.